డాక్టరు అడిగింది చెప్పాను, చెప్పింది దాచాను

ఇన్నేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకరోజు, తాగినప్పుడో జ్వరమొచ్చినప్పుడో, ఒప్పేసుకుని దించుకునేవాడిని. నేనన్నది జరిగిన సంగతే. ఎవరు నిలదీసినా, ఏ దేవుడి ముందు నిలబెట్టినా, 'జరిగిందే చెప్పాను కదా' అనగలను. అలా అనగలగడమే నన్ను లోపల్లోపల కుళ్లబెట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నా మొహం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక్క సంగతి ముందే అనుకుందాం. నా మీద జాలిపడకండి. ఏడ్చినవాణ్ణి మంచివాడనేయడం లోకానికి అలవాటు. నేను మంచివాణ్ణి కాను. నేను అన్యాయం చేసిన మనిషి కూడా మంచివాడు కాదు. అతణ్ణి అప్పుడు ద్వేషించాను. ఇప్పుడు కూడా అతని మీద ప్రేమేమీ పుట్టుకురాలేదు. అయినా చేసింది చేసిందే.

డెబ్బైల నడిమి రోజులు. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే ఒక ప్రైవేటు బస్సులో నేను కండక్టర్ని. కుప్పంలో హాల్టు. మర్నాడు అదే దారిన వెనక్కి. డ్రైవరు మునిరత్నం. నాకంటే బాగా పెద్దవాడు. చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో ఇల్లు. బండి నడపడంలో ఆ దారిలో అతన్ని మించినవాడు లేడు. ఇది మాత్రం ఒప్పుకోవాలి. గుంత ఎక్కడుందో, గేదె ఎక్కడ అడ్డం వస్తుందో అతనికి ముందే తెలిసేది. టైము తప్పడం అంటే అతనికి ప్రాణం పోయినట్టు. వెనకాల వచ్చే పోటీ బస్సుకు ఒక్క ప్యాసింజరు దొరికినా ఆరోజంతా నన్ను తిట్టేవాడు.

నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఒరేయ్, వాడా, వీడా. నేను విజిల్ వేయకముందే బండి కదిలించడం అతని సరదా. నేను కమ్మీ పట్టుకుని పరిగెత్తడం అద్దంలో చూసి నవ్వేవాడు. పుంగనూరు బస్టాండులో ఒకరోజు చింతపండు మూటలు టాపు మీదికి ఎక్కించి నిచ్చెన దిగుతున్నాను. విజిల్ నా మెడలోనే ఉంది. బండి కదిలింది. కాలు జారి మొహం ఇనుప మెట్టుకు కొట్టుకుంది. ముందరి పళ్లు ఊడి చేతిలోకొచ్చాయి. నోటినిండా రక్తంతో డ్రైవరు తలుపు దగ్గరికి పోయాను. అతను కిందికి కూడా దిగలేదు.

"యిజిలూదేకి పండ్లెందుకురా నీకి? ఎక్కు, టైమయితాండాది" అన్నాడు.

బస్సంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో మా ఊరివాళ్లు ఉన్నారు. నాకు పిల్లనిస్తామని మాట్లాడుతున్న ఇంటివాళ్ల బంధువు ఒకడు ఉన్నాడు. ఆ సంబంధం తప్పిపోయింది. పళ్ల వల్లనో, మరెందుకో, నాకు తెలియదు. నేను మాత్రం ఆ లెక్కను కూడా మునిరత్నం మీదే రాసుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? నా తప్పు తగ్గించుకోవడానికా? ఏమో. రాస్తుంటే ఇప్పటికీ దవడలు బిగుసుకుంటున్నాయి. అంటే ఆ పగ ఇంకా చల్లారలేదన్నమాట. చచ్చిపోయినవాడి మీద కూడా.

ఆ ఏడు ఎండలు చాలా ముదిరాయి. ఇంజను డ్రైవరు పక్కనే, మూతలోంచి సెగ మోకాళ్లకు కొట్టేది. మునిరత్నం నీళ్లు తక్కువ తాగేవాడు. తాగితే ఆపాలి, ఆపితే టైము పోతుంది. ఒంటికి వచ్చినా బిగబట్టుకుని పలమనేరు దాకా లాగేవాడు. ఏళ్ల తరబడి అదే అలవాటు. అలాంటివాడు ఉన్నట్టుండి దారిలో బండి ఆపడం మొదలుపెట్టాడు. ఒక కల్వర్టు దగ్గర ఆపి దిగిపోతాడు. అక్కడ చాలాసేపు నిలబడతాడు. పళ్లు కొరుక్కుంటూ తిరిగొస్తాడు. కొంతదూరం పోగానే మళ్లీ ఆపుతాడు. వచ్చేది నాలుగు చుక్కలే, ఆ నాలుగు చుక్కలకే మనిషి చెమటతో తడిసిపోయేవాడు.

ప్యాసింజర్లు గొణిగేవారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఎంత హాయిగా ఉండేదో చెప్పనా? ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పీ లాభం లేదు. చాలా హాయిగా ఉండేది.

ఇంజను ఉడుకు అన్నారు అందరూ. మజ్జిగ తాగాడు. బార్లీ నీళ్లు తాగాడు. ఎవరో చెబితే పల్లేరుకాయలు ఉడికించిన కషాయం సీసాలో పోసుకుని తెచ్చుకున్నాడు. నాలుగు రోజులు తగ్గినట్టు ఉండేది, మళ్లీ మొదలు. ఒకసారి అతను నిలబడి వచ్చిన చోట తెల్లటి బండ మీద ఎర్రటి చార చూశాను. అతను కూడా చూశాడు. నేను చూశానని చూశాడు. కాలితో మట్టి తోసి దాన్ని కప్పేశాడు.

తర్వాత కొన్ని రోజులకు మదనపల్లె స్టాండులో స్టీరింగు మీద తల వాల్చి గజగజా వణికిపోతూ కూర్చుండిపోయాడు. మండుటెండలో చలి. ఓనరు నన్ను పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. నాకు ఇష్టం లేదు. అతనికీ ఇష్టం లేదు. ఇద్దరం ఒక జట్కాలో మొహాలు చెరోవైపు తిప్పుకుని పోయాం.

ఆ డాక్టరు పెద్దాయన, కేకలు వేయని మనిషి. సీసాలో మూత్రం పట్టించి కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. గాజుగొట్టంలో పోసి కాచాడు, చక్కెర ఉందేమో చూశాడు, ఒక చుక్క అద్దం మీద వేసి భూతద్దం యంత్రంలో చాలాసేపు చూశాడు. పొట్ట కింద నొక్కితే మునిరత్నం మంచం పట్టె పట్టుకున్నాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్నలు. ఎన్నాళ్లుగా? ధార సరిగా వస్తుందా, మధ్యలో తెగిపోతుందా? వచ్చాక ఇంకా ఉందనిపిస్తుందా? బిగబట్టుకుంటావా? అదే గొంతుతో, అదే వరసలో, "బయటి ఆడవాళ్ల దగ్గరికి పోయే అలవాటు ఉందా?" అని అడిగాడు.

మునిరత్నం స్టూలు మీది నుంచి లేచాడు. ఒంట్లో జ్వరం, కాళ్లు ఆడటం లేదు, అయినా లేచాడు. "నేనట్లాటోడి మాదిరి కనపడతాండానా నీకి?" అన్నాడు.

"కూర్చో. మగవాడు ఈ బాధతో వస్తే అందర్నీ అడుగుతాను. ఇది ఆ జబ్బు కాదు" అన్నాడు డాక్టరు. అని, నన్ను కూడా దగ్గరికి పిలిచాడు. రోగికి జ్వరంలో తలకెక్కదని కాబోలు, నాకు చెప్పాడు అంతా. నేను శ్రద్ధగా విన్నాను. ఇప్పటికీ ఒక్క ముక్క మరిచిపోలేదు.

మూత్రాశయంలో చీము పట్టిందన్నాడు. ఆడవాళ్లకు మూత్రం దారి పొట్టి కాబట్టి ఇది తేలిగ్గా వస్తుంది, మగవాడికి ఊరికే రాదు, వచ్చిందంటే లోపల ఏదో అడ్డం ఉండి నీరు పూర్తిగా పోవడం లేదని అనుకోవాలి, రాయి కావచ్చు, గ్రంథి వాపు కావచ్చు, ఎక్స్‌రే తీయించి చూడాలి అన్నాడు. నీళ్లు తాగకపోవడం, బిగబట్టడం దానికి ఎరువు వేసినట్టు అన్నాడు. ఇప్పుడు సూది వేస్తాను, మాత్రలు రాసిస్తాను, మంట తొందరగానే తగ్గిపోతుంది, తగ్గిందని మాత్రలు ఆపితే సగం చచ్చిన పురుగు మళ్లీ లేస్తుంది, అప్పుడు ఆ మందుకు లొంగదు, కాబట్టి ఇచ్చినవన్నీ మింగాలి, అయ్యాక మళ్లీ మూత్రం పరీక్షకు రావాలి అన్నాడు. చలిజ్వరం తిరగబెట్టి, నడుము పక్కన నొప్పి వచ్చిందంటే అది మూత్రపిండాలకు పాకినట్టు, ఇక ఒక్క పూట కూడా ఆగకూడదు అన్నాడు. "ఇంట్లో భార్య ఉందా? ఆమెకు అంటుకునేది కాదు. ఆమెను భయపెట్టకండి" అన్నాడు. చివర్లో నా వైపు తిరిగి, "కండక్టరువి నువ్వే కదా. అతను ఆపుకుంటుంటే నువ్వే విజిల్ వేసి బండి ఆపించు" అన్నాడు.

తలూపాను.

బయటికొచ్చాక మునిరత్నం నా చొక్కా గుంజి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఆ డాక్టరు అడిగిన మాట యాడన్నా అన్నావంటే నాలిక కోస్తా, జాగర్త."

చెప్పొద్దురా అని అడిగుంటే? ఒక్కసారి నా పేరు పెట్టి పిలిచి, చెప్పొద్దప్పా అనుంటే? అప్పుడు చెప్పేవాణ్ణి కాదా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. అలా అడిగినా చెప్పేవాణ్ణేమో. కాకపోతే అంత రుచిగా చెప్పేవాణ్ణి కాదు. ఆ క్షణం దాకా డాక్టరు ప్రశ్న నాకు మామూలు ప్రశ్నే. దానికి అతనెంత భయపడుతున్నాడో అతనే నాకు చూపించాడు.

ఆ వారంలోనే కుప్పంలో అన్నాను. బస్టాండు ఎదుట టీ అంగడి. సాయంత్రం బండ్లు ఆగాక డ్రైవర్లూ కండక్టర్లూ లారీలవాళ్లూ అక్కడే చేరేవాళ్లు. తెలుగూ అరవమూ కన్నడమూ కలిసిన మాటలు. మునిరత్నం మాత్రల మగతకు బస్సులోనే పడుకుని ఉన్నాడు. పోటీ బస్సు డ్రైవరు అడిగాడు, "ఏమప్పా, మీ మునిరత్నం దావ పొడుగునా బండి నిలుపుతాండాడంట, ఏమొచ్చింది ఆయప్పకి?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "ఏం చెప్పేదప్పా. మదనపల్లెలో డాక్టరుకి సూపించినాము. ఆడోళ్ల తావకి పోతావా అని అడిగినాడు డాక్టరు. అంతమాత్రానికి ఈయప్ప కస్సుమని లేచినాడు."

అంతే. ఒక్క అక్షరం కలపలేదు. అడిగినదానికి డాక్టరు ఏం తేల్చాడో చెప్పలేదు. గ్లాసు మళ్లీ తీసుకుని తాగాను. ఒకడు ఈల వేశాడు. ఒకడు "అట్లా చెప్పు" అన్నాడు. కుప్పం హాల్టులో మునిరత్నం బస్సులోనే పడుకునేవాడని, అక్కడి నుంచి కదిలేవాడు కాదని అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ రోజు నుంచి అతనికి కుప్పంలో ఒక ఆడమనిషి పుట్టుకొచ్చింది. ఆమె వీధి పేరు కూడా చెప్పుకున్నారు. నేను వద్దనలేదు. ఔననలేదు. నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ ఊళ్లోంచి పలమనేరుకు, పలమనేరు నుంచి పుంగనూరుకు ఆ మాట మా బస్సు కంటే ముందే చేరింది.

మునిరత్నానికి అర్థమైంది. ఎవరు అన్నారో మాత్రం తెలియలేదు. పోటీ డ్రైవరే పుట్టించాడనుకుని పుంగనూరు స్టాండులో అతని కాలరు పట్టుకుని కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారుతుంటే ఆ డ్రైవరు నా వైపు చూశాడు, నా పేరు మాత్రం చెప్పలేదు. నేను టిక్కెట్లు కొట్టుకుంటూ ఉన్నాను. మునిరత్నం నన్ను అనుమానించలేదు. నాకంత ధైర్యం ఉంటుందని అతనికి తోచనే లేదు. అది కూడా నాకు అవమానంగానే అనిపించింది. మనసు ఎంత నీచంగా పనిచేస్తుందో చూడండి.

ఆ తర్వాత అతను చేసింది ఏ మగవాడైనా చేసేదే. మంట తగ్గగానే మాత్రలు ఆపేశాడు. మాత్రలు మింగుతుంటే చూస్తారు కదా. డాక్టరు దగ్గరికి మళ్లీ పోలేదు. పోతే జబ్బు నిజమే అంటారు కదా. దారిలో బండి ఆపడం మానేశాడు. ఆపితే వెనక సీట్లలో కిసుక్కుమనేవాళ్లు. ఆపకుండా ఉండాలంటే నీళ్లు మానెయ్యాలి. మానేశాడు. డాక్టరు వద్దన్నవన్నీ ఒక్కటి వదలకుండా చేశాడు. ఎందుకు చేస్తున్నాడో ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. విజిల్ నా మెడలోనే ఉంది. వేయలేదు.

ఒకరోజు రెడ్డెమ్మ వచ్చింది. మునిరత్నం భార్య. పుంగనూరు స్టాండులో బండి నిలబడి ఉంది, మునిరత్నం ఓనరు మనిషితో మాట్లాడటానికి పోయాడు. ఆమె బస్సు వెనకవైపు వచ్చి నిలబడింది. ఆరో నెలో ఏడో నెలో కడుపుతో ఉంది. కొంగు నడుముకు బిగించుకుని ఉంది. కళ్లలో నీళ్లు లేవు. కోపమే ఉంది.

"ఏమప్పా, ఆసుపత్రికి నువ్వే కదా తోడు పోయినావు?"

"ఔను వదినా."

"డాక్టరేమన్నాడు?"

నేను టిక్కెట్ల కట్ట సర్దుకున్నాను.

"నన్ను సూడు. ఊరంతా నా మొగం మీద ఉమ్మేస్తాండారు. మా అన్న వచ్చి పుట్టింటికి రమ్మంటాండాడు. నేను పోలేదు. నువ్వు చెప్పినాక పోదామనుకున్నా. నువ్వు ఆడ ఉండావు కదా. ఆయప్పది ఆ రోగమేనా?"

ఒక్క మాట. కాదు వదినా. అంతే కదా. నోరు తెరిచాను కూడా. పళ్లు లేని సందులోంచి గాలి వచ్చింది. ఆమె చూపు అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఎగతాళిగా చూసిందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే జాలిగా చూసిందేమో కూడా. నాకు బస్సంతా నవ్విన నవ్వు వినబడింది.

"మీ ఇంటి సంగతులు నాకెందుకు వదినా" అన్నాను. "నేనేం చెప్పేది?"

"నా కడుపులో బిడ్డుండాది. బిడ్డకి అంటుతాదా? అది మటుకు చెప్పు."

డాక్టరు చెప్పింది నాలుక చివరే ఉంది. భార్యకు అంటుకునేది కాదు, ఆమెను భయపెట్టకండి. నేనేమన్నానో తెలుసా?

"దూరంగా ఉంటే మంచిది కదా వదినా."

ఆమె కొంగు దులుపుకుని నడిచిపోయింది. ఆ వారంలోనే పెద్దపంజాణి దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు అతను తాగిన చెంబును వీధిలోకి విసిరేసిందని, అతను ఇంటి ముందు మొగసాలలో నిలబడి బూతులు తిట్టాడని, ఆమె కూడా తిట్టిందని చెప్పుకున్నారు. నేను ఈసారి నవ్వలేదు. నవ్వుదామని చూశాను, రాలేదు.

మీరు ఇక్కడ ఆగి అడగవచ్చు. టీ అంగడిలో అన్నది జరిగిందే కదా, రెడ్డెమ్మతో అన్నదీ సలహానే కదా అని. నాకు నేను ఏళ్ల తరబడి అదే చెప్పుకున్నాను. నా మాటల్లో అబద్ధం వెతికితే దొరకదు. అంత జాగ్రత్తగా కూర్చిన మాటలు అవి. కోపంలో ఏదో ఒకటి అనేసినవాడైతే ఇంకా నయం. నేను ఆలోచించి అన్నాను.

వానలు మొదలయ్యే ముందు, పలమనేరు దాటాక, మధ్యాహ్నం పూట బండి ఉన్నట్టుండి రోడ్డు వారకు ఒరిగి ఆగింది. మునిరత్నం బ్రేకు వేసి, గేరు తీసి, ఇంజను ఆపి, ఆ తర్వాత సీటు మీంచి కిందికి జారిపోయాడు. అన్నీ సరిగ్గా చేశాకే జారిపోయాడు. బండి నిండా జనం. ఒక్కరికి దెబ్బ తగలలేదు. నేను ముందుకు పోయి చూస్తే మొహం మట్టిరంగులో ఉంది, దవడలు కొట్టుకుంటున్నాయి, చేత్తో నడుము పక్కన పట్టుకుని ఉన్నాడు. అదేమిటో నాకు తెలుసు. డాక్టరు వేలు పెట్టి చూపించిన చోటే అది.

"ఆడ నొప్పి ఎన్నాళ్లుగా ఉండాదన్నా?" అన్నాను.

"నీకెందుకురా" అన్నాడు. అని వాంతి చేసుకున్నాడు.

ఒక లారీ ఆపి పలమనేరుకు చేర్చాం. అక్కడినుంచి తిరుపతికి పంపారు. మూత్రాశయంలో రాయి ఉంది. అదే అడ్డం. మొదట్లో ఎక్స్‌రే తీసి ఉంటే అప్పుడే తెలిసేది, తీసేసి ఉంటే పోయేది. రాయి తీశారు. కానీ చీము పైకి పోయి మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయి. ఒకటి బొత్తిగా పనికిరాదన్నారు, రెండోది ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేమన్నారు. రెడ్డెమ్మకు కబురు పోయింది. రాలేదు. ఆ నెలలోనే ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డ ఒంటిమీద చిన్న పొక్కు లేచినా తండ్రి రోగమేమోనని రెడ్డెమ్మ మందూమాకూ వెతుక్కుంటూ తిరిగేదని తర్వాత విన్నాను.

మునిరత్నం మళ్లీ బండి ఎక్కలేదు. పుంగనూరులో చెల్లెలింట్లో ఒక మూల మంచం వేసుకుని బతికాడు. కాళ్లు ఉబ్బేవి. ఉప్పు లేని కూడు. నేను అప్పుడప్పుడు పోయి చూసేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణి? అతనికి తెలిసిందేమో చూడటానికి. మొదట్లో అందుకే. తర్వాత్తర్వాత ఎందుకో నాకే తెలియదు. పోతే తిట్టేవాడు. కొత్త డ్రైవరు బండిని పాడుచేస్తున్నాడని నన్నే తిట్టేవాడు. లేచి వస్తుంటే మాత్రం, "మళ్ల ఎప్పుడొస్తావురా?" అనేవాడు. ఆ మాట వినలేక కొన్ని నెలలు పోకుండా ఉండేవాణ్ణి.

ఎనభైలు మొదలైన కొన్నాళ్లకు చచ్చిపోయాడు. చెప్పే అవకాశం ఎన్నిసార్లు వచ్చిందో. అతని మంచం పక్కన కూర్చుని, నోటిదాకా వచ్చి, కాదు, నోటిదాకా కూడా రాలేదు. ఎందుకు అబద్ధం? ఒక్కసారి కూడా చెప్పాలనుకోలేదు. అతను ఆ చేతుల్తో ఇంకా నన్ను కొట్టగలడేమోనని భయపడ్డాను. మంచంలోంచి లేవలేని మనిషికి భయపడ్డాను.

చచ్చాక కొన్నేళ్లు తేలిగ్గానే ఉంది. నిజం. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నేను వేరే పనిలో చేరాను. ఈమధ్యే ఒకటి జరిగింది. మా బావమరిదికి మూత్రంలో మంట వచ్చింది. ఎవరికీ చెప్పక దాచుకుని తిరుగుతున్నాడని తెలిసి నేనే డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. నీళ్లు తాగించాను, మాత్రలన్నీ అయ్యేదాకా దగ్గరుండి మింగించాను, ఎక్స్‌రే తీయించాను. నా భార్య ఊరంతా చెప్పుకుంది, మా ఆయనకు ఎంత తెలుసో, ఎంత ఓపికో అని. ఎక్కడ నేర్చుకున్నావు ఇదంతా అని అడిగింది. అన్నం ముందునుంచి లేచిపోయాను.

పెద్దపంజాణికి పోయాను. రెడ్డెమ్మ అన్నగారింటి పక్క కొట్టంలో పట్టుపురుగులు పెంచుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది. తట్టల మీద మల్బరీ ఆకు పరుస్తూనే ఉంది. నేను నిలబడే చెప్పాను. డాక్టరు అడిగింది, తేల్చింది, టీ అంగడి, ఆమెతో నేనన్నది. అన్నీ. కుప్పంలో ఎవరూ లేరని, అతను బస్సులోనే పడుకునేవాడని కూడా చెప్పాను. పురుగులు ఆకు కొరికే చప్పుడు వానలా వినిపిస్తోంది. ఆమె చెయ్యి ఆగలేదు.

తట్ట అంతా పరిచాక అంది. "ఇన్నాళ్లూ ఆయప్పను తిట్టుకుంటానే బతికినా. పొద్దున లేస్తే అదే నాకు బలం. ఇప్పుడొచ్చి అదీ తీసుకుపోతాండావా?"

"నన్ను తిట్టు వదినా."

"నువ్వెవరప్పా నేను తిట్టేకి?" అంది. కోపంగా కూడా అనలేదు. "పో. నా బిడ్డ బడి నించి వచ్చే యాళయింది. దానికేం చెప్పల్లో నేను సూసుకుంటా. మళ్ల ఈ పక్కకి రావద్దు."

ఆమె అరిచి ఉంటే, ఊరిని పోగుచేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నేను పోయింది కూడా అందుకేనేమో. ఆమె ఆ సుఖం ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే.

అక్కడినుంచి తిన్నగా కుప్పం పోయాను. ఆ టీ అంగడి ఇంకా ఉంది, అంగడాయనే ముసలివాడయ్యాడు. బెంచీల మీద కొత్త మొహాలు. మునిరత్నం అనే డ్రైవరు గుర్తున్నాడా అని అడిగాను. ముసలాయన కళ్లు చిట్లించి ఆలోచించాడు.

"యా మునిరత్నం? ఓ, ఆ ఆడోళ్ల రోగం డ్రైవరా?"

అంత బాగా నడిపిన మనిషి. ప్రాణం పోతున్నా బస్సును రోడ్డు వారకు చేర్చి ఆపిన మనిషి. అతని గురించి ఆ ఊళ్లో మిగిలింది నా మాట ఒక్కటే.

"ఆ రోగం కాదప్పా" అన్నాను. గొంతు పెంచి అన్నాను, అందరికీ వినబడేట్టు. "ఆయప్పకి లోపల రాయి ఉండె. దానికి చీము పట్టినాది. ఆడోళ్ల సంగతేమీ లేదు. డాక్టరు చెప్తావుంటే నేను పక్కనే ఉండాను. ఈడ కూచోని ఆ పేరు తెచ్చిపెట్టినోన్ని నేనే."

ఎవరో ఒకడు నవ్వాడు, తాగి వచ్చాననుకుని. ఒకడు పేపరు తిరగేసుకున్నాడు. ముసలాయన గ్లాసులు కడుగుతూ, "ఇప్పుడెందుకప్పా అదంతా" అన్నాడు.

ఎవరూ నమ్మినట్టు లేదు, ఎవరికీ అక్కర ఉన్నట్టూ లేదు. కానీ ఆ మాటలన్నీ చివరిదాకా అనేశాను. ఇప్పుడు మీకూ రాశాను. దీన్ని క్షమాపణ అనకండి, అడగడానికి అతను లేడు, ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. దాచడానికి మాత్రం నా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. నాకు దక్కింది అదొక్కటే.